తెగవలసిన బోల్టును తెగనివ్వండి

మంచు కురిసే దేశాలలో స్థిరపడిన మన పిల్లలలో కొందరు మిన్నెసోటా, మిషిగన్, ఒంటారియో వంటి చోట్ల ఊరికి దూరంగా, రెండు మూడు ఎకరాల స్థలంలో ఇళ్లు కొనుక్కుంటున్నారు. అటువంటివారికి చిన్న ట్రాక్టరు, దానికి తగిలించుకునే స్నో బ్లోయర్ నిత్యావసరాలు. ఆ యంత్రాన్ని ఇంటి గరాజులోనే విప్పి, కోసి, వెల్డింగు చేసి తమకు అనువుగా మార్చుకోవడం అక్కడివారికి చాలాకాలంగా ఉన్న అలవాటు. మనవాళ్లూ దానిని అందిపుచ్చుకున్నారు. ఈ పనిని నేను తప్పుపట్టను. అయితే ఏ భాగాన్ని మార్చవచ్చు, ఏ భాగం జోలికి పోకూడదు అన్న విషయంలో యంత్రం తెలిసినవారి మాటతో పాటు, గాయాలకు కట్లు కట్టినవాడి మాట కూడా వినవలసి ఉంటుంది.

మంచు ఎరుగని పాఠకుల కోసం యంత్రం సంగతి కొంచెం చెబుతాను. నేలకు అడ్డంగా తిరిగే ఆగర్ అనే పెద్ద మరచుట్టు మంచును కొరికి మధ్యకు చేరుస్తుంది. దాని వెనుక డోలు వంటి గూటిలో వేగంగా తిరిగే రెక్కల చక్రం ఆ మంచును పైనున్న గొట్టం గుండా దూరంగా విసిరివేస్తుంది. వీటికి ట్రాక్టరు నుండి శక్తిని అందించేది పీటీఓ షాఫ్టు. మన ఊళ్లలో రోటవేటరును, నూర్పిడి మిషనును తిప్పేది కూడా అటువంటి షాఫ్టే. ఈ చుట్టరికం నిన్న మొన్నటిది కాదు. కెనడాలోని క్విబెక్‌కు చెందిన ఆర్థర్ సికార్డ్ పొలంలో నూర్పిడి యంత్రం పనిచేసే తీరును చూసి, ఆ ఊహతోనే 1925లో మంచును ఎగజిమ్మే యంత్రాన్ని నిర్మించాడు. అంతకు చాలాముందు, 1869లోనే, రైలు పట్టాల మీది మంచును తొలగించే చక్రపు యంత్రాన్ని ఊహించినవాడు టొరంటో నగరపు దంతవైద్యుడొకడు. వైద్యులకు యంత్రాలతో పనేమిటని అడిగేవారికి నేను ఆయన పేరు చెబుతుంటాను: జె. డబ్ల్యూ. ఇలియట్.

పారతో మంచు ఎత్తడం గుండెకు కఠినమైన పరీక్ష. చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపీడనం పెరుగుతుంది. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టడం వలన అది మరింత పెరుగుతుంది. అదే సమయంలో గుండె కండరానికి ప్రాణవాయువు అవసరం హెచ్చుతుంది. హృద్రోగం ఇతరులకంటే చిన్న వయస్సులోనే వచ్చే దక్షిణాసియావారిలో, అందునా మధుమేహం ఉన్నవారిలో, నలభై అయిదు దాటినవారు పార పక్కన పెట్టి యంత్రాన్ని వాడుకోవడమే మేలు. కనుక యంత్రం మీద నాకు ఏ విరోధమూ లేదు.

మార్పులలో మంచివీ ఉన్నాయి. రెక్కల చివరకూ గూటి గోడకూ నడుమ కొంత సందు ఉంటుంది. పొడి మంచు అయితే ఇబ్బంది లేదు. సున్నా డిగ్రీలకు దరిదాపుల్లో కురిసే తడిమంచు మాత్రం ఆ సందులో జారిపోయి, గొట్టంలో అడుసులా అతుక్కుంటుంది. పాత కన్వేయర్ బెల్టు నుండి రబ్బరు ముక్కలు కోసి, రెక్కల చివరలకు బోల్టులతో బిగించి ఆ సందును మూసేవారు చాలామంది ఉన్నారు. ఎదురెదురు రెక్కల మీద ముక్కల బరువు సమానంగా ఉంటే చాలు, చక్రం అదరకుండా తిరుగుతుంది, మంచు దూరంగా పడుతుంది, గొట్టం పూడుకోవడం తగ్గుతుంది. గొట్టం పూడుకోకపోతే మనిషి దానిలో చేయి పెట్టవలసిన అవసరం రాదు. నా దృష్టిలో ఇది చేతివేళ్లను కాపాడే మార్పు. కారు కిటికీ మోటారును అమర్చి, సీటు మీద నుండే గొట్టాన్ని పక్కలకు తిప్పుకునే ఏర్పాటు కూడా అటువంటిదే. మాటిమాటికీ దిగి యంత్రం దగ్గరకు పోయే పని తప్పుతుంది.

ఇక నేను వ్యతిరేకించేవి మూడు. షియర్ బోల్టుకు బదులు గట్టి బోల్టు వేయడం మొదటిది. షాఫ్టు మీది గార్డు తీసివేయడం రెండవది. సీటు కింది స్విచ్చును వైరుముక్కతో కలిపి మోసగించడం మూడవది.

మిన్నెసోటాలో ఉన్న మా అన్నగారి అబ్బాయి ఒకసారి ఫోనులో గర్వంగా చెప్పాడు. "బాబాయ్, ఈ చలికాలంలో ఇప్పటికి ఆరు షియర్ బోల్టులు తెగాయి. విసుగెత్తి గట్టి ఉక్కు బోల్టులు వేసేశాను. పీడ వదిలింది." "గేర్ బాక్సు ధర కనుక్కున్నావురా నాన్నా?" అని అడిగాను. అతడు నవ్వాడు. ఆగర్‌కు రాయి తగిలినా, మంచులో గడ్డకట్టిన వార్తాపత్రికల చుట్ట తగిలినా ముందుగా తానే తెగిపోయి వెనుక ఉన్న గేర్లను, షాఫ్టును కాపాడడానికే ఆ మెత్తని బోల్టును పెట్టారు. అది తెగకపోతే దాని వెనుక మరేదో తెగుతుంది. గేర్ బాక్సు పగిలితే నష్టం డబ్బుతో పోవచ్చు. సగంలో తెగిన షాఫ్టు తిరుగుతూనే కొరడాలా కొట్టిందంటే నష్టం డబ్బుతో ఆగదు. మధుమేహం వలన పాదాలలో స్పర్శ పోయినవారిని చూసిన వైద్యుడికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. నొప్పి తెలియడం లేదని సంతోషించే రోగి, కాలిలో మేకు గుచ్చుకున్నా నడుస్తూనే ఉంటాడు. బోల్టులు మాటిమాటికీ తెగుతున్నాయంటే ఆగర్ నేలకు మరీ దగ్గరగా ఉందనో, దారిలోని కంకర లోపలికి వస్తోందనో అర్థం. యంత్రం కింది స్కిడ్ షూలను సవరించి, ఆగర్ ఎత్తును కాస్త పెంచాలి.

ఒక మాట స్పష్టం చేయాలి. షియర్ బోల్టు మీ చేతిని కాపాడదు. దానిని తెంచడానికి కావలసిన బలం ముందు మనిషి ఎముక ఏపాటిది? బోల్టు తెగేలోగా చేయి పోతుంది. చేతిని కాపాడేవి గార్డు, స్విచ్చు, దూరం మాత్రమే.

గార్డు సాధారణంగా ఎవరూ కావాలని తీసి పారవేయరు. వెనుక తగిలించే బ్లోయరును వేరే ట్రాక్టరుకో, ముందువైపుకో మార్చినప్పుడు షాఫ్టు పొడవు చాలదు, లేదా ఎక్కువవుతుంది. ఎక్కువైతే కోస్తారు. ఒకదానిలో ఒకటి జారే ఆ రెండు గొట్టాలను కొలిచి కోసినవారు, పైనున్న ప్లాస్టిక్ తొడుగును కూడా అదే కొలతకు కోసి తిరిగి తొడగాలి. అది ఓపికతో కూడిన పని. "ఈ పూటకు ఇలా నడిపిద్దాం" అని పక్కన పెట్టిన తొడుగు తర్వాత గరాజు మూలనే ఉండిపోతుంది. మన వెల్డింగు షాపులలో జరిగేదీ ఇదే. గ్రీజు కొట్టడానికి అడ్డమని తీసిన గార్డు మళ్లీ షాఫ్టు ఎక్కదు.

పీటీఓ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు తొమ్మిది. మూడు అంగుళాల మందం ఉన్న షాఫ్టు చుట్టుకొలత తొమ్మిదిన్నర అంగుళాలకు కొంచెం తక్కువ. లెక్క వేస్తే సెకనులో ఏడు అడుగుల గుడ్డను అది చుట్టుకోగలదు. భుజం మీది కండువాకు ఒక్క సెకను చాలు. ఆరు గజాల చీరకు మూడు సెకన్లు పట్టవు. ఏదో లాగుతోందని మెదడు గ్రహించి, చేయి స్విచ్చు వైపు కదిలేలోగా అంతా అయిపోతుంది. ప్రభుత్వ వైద్యశాలల్లో పనిచేసిన కాలంలో నూర్పిళ్ల రోజులు వచ్చాయంటే మాకు ఈ గాయాలు తప్పవని తెలుసు. చర్మం మేజోడులా ఒలిచిపోయిన ముంజేతులు చూశాను. జడ చుట్టుకుపోయి తలమీది చర్మం మొత్తం ఊడిన ఆడకూలీలను చూశాను. ధాన్యపు నూర్పిడి యంత్రాలు ఇలా చేతులను తీసివేస్తున్నందువల్లనే పార్లమెంటు 1983లో ప్రమాదకర యంత్రాల నియంత్రణ చట్టం చేయవలసి వచ్చింది. చలిదేశంలో కండువా బదులు మఫ్లరు, పైట బదులు వదులు కోటు, దాని టోపీకి వేలాడే తాడు. షాఫ్టుకు ఆ భేదం తెలియదు.

"నేను జాగ్రత్తగానే ఉంటానండీ" అని అందరూ అంటారు. వార్డులో నా ముందు పడుకున్నవారు కూడా జాగ్రత్తపరులే, వారిలో చాలామంది ఏళ్ల తరబడి ఆ యంత్రం మీద పనిచేసినవారే. ఆఫీసుకు పోయే తొందర, తెల్లవారుజామున అయిదు గంటల చీకటి, చలికి మొద్దుబారిన వేళ్లు, మందపాటి చేతితొడుగులు, వీటి నడుమ మనిషి జాగ్రత్త ఎంతసేపు నిలుస్తుంది? సీటు మీద నుండి లేవగానే ఇంజనును ఆపే స్విచ్చును పెట్టింది ఆ నిమిషం కోసమే. వెనుకకు తిరిగి చూసేటప్పుడు సీటు కాస్త లేచి ఇంజను ఆగిపోతోందని దానిని తప్పించేవారు ఉన్నారు. సీటు స్ప్రింగును, స్విచ్చు అమరికను సరిచేయించుకోండి.

గరాజు విషయానికి వద్దాం. యంత్రంకంటే గదే ప్రమాదమయ్యే సందర్భం ఒకటి ఉంది. బయట సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ చలి. తలుపు మూసుకొని పనిచేసి, మార్పు ఫలించిందో లేదో చూడడానికి ఇంజను స్టార్టు చేస్తారు. ఇంజను పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ప్రాణవాయువుకంటే రెండు వందల రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, కాళ్లు తేలిపోవడం మొదటి లక్షణాలు. చలికి జలుబు చేసిందనుకుని ఊరుకుంటారు. కరోనా రోజుల్లో అందరూ కొనుక్కున్న పల్స్ ఆక్సిమీటరు ఇక్కడ పనికిరాదు. కార్బన్ మోనాక్సైడు పట్టిన రక్తాన్ని అది ప్రాణవాయువు ఉన్న రక్తంగానే లెక్కించి 98 అని చూపించగలదు. ఆ అంకెను చూసి నిశ్చింతగా ఉండకండి. తలుపు కొంచెం తెరిచినంత మాత్రాన చాలదు, ట్రాక్టరును బయటకు తీసుకుపోయి స్టార్టు చేయాలి. ఇంటికి ఆనుకుని ఉన్న గరాజు అయితే ఆ వాయువు పడకగదిలోకీ చేరుతుంది. ఇంటిలో కార్బన్ మోనాక్సైడు అలారం పెట్టుకోండి.

జింకు పూత ఉన్న ఇనుమును వెల్డింగు చేసే ముందు ఆ పూతను గీకివేయాలి. లేకపోతే ఆ పొగకు కొన్ని గంటల తర్వాత చలిజ్వరం వస్తుంది. అద్దం లేకుండా వెల్డింగు చేస్తే ఆ రాత్రి కళ్లలో ఇసుక పోసినట్లుంటుంది. ఇవి రెండూ సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. హైడ్రాలిక్ గొట్టం సంగతి వేరు. కారు టైరులో పీడనం చదరపు అంగుళానికి ముప్పై పౌండ్లు ఉంటే, ఈ గొట్టాలలో రెండు వేలు, ఆపైన ఉంటుంది. సూదిమొన అంత రంధ్రం నుండి వచ్చే నూనెధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి కనబడేది చీమ కుట్టినంత గుర్తు, నొప్పీ మొదట పెద్దగా ఉండదు. కొన్ని గంటలలో చేయి ఉబ్బి కణజాలం చచ్చిపోతుంది. ఇటువంటి గాయంతో వచ్చినవారు వెంటనే శస్త్రవైద్యుని వద్దకు పోవాలి, అధిక పీడనంతో నూనె చర్మం లోపలికి దూరిన గాయమని అక్కడ తప్పక చెప్పాలి. కారుతున్న చోటును వేలితో తడిమి వెతకవద్దు. అట్టముక్కతో వెతకండి.

ఎన్ని మార్పులు చేసినా తడిమంచు రోజున గొట్టం ఎప్పుడో ఒకసారి పూడుకుంటుంది. పీటీఓ విడదీయాలి, ఇంజను ఆపాలి, తాళంచెవి జేబులో వేసుకోవాలి, అంతా కదలక నిలిచేదాకా ఆగాలి, తర్వాత కర్రతో తీయాలి. ఇంజను ఆగిన తర్వాత కూడా బెల్టులో బిగువు మిగిలి ఉంటే, అడ్డు తొలగగానే చక్రం ఒక్క ఉదుటున తిరుగుతుంది. వేళ్లు పోవడానికి ఆ పాతిక చుట్టు చాలు. ఆ కర్రను వెతుక్కోలేక చేయి పెట్టినవారే ఎక్కువ. కనుక మీ గరాజులో చేయగల మార్పులన్నిటిలోకీ నేను మొదట కోరేది గొట్టం పక్కన కర్రను తగిలించడానికి ఒక కొక్కెం.

వేలు తెగిపోతే గాయం మీద శుభ్రమైన గుడ్డ వేసి గట్టిగా అదిమిపట్టండి. తెగిన వేలిని చుట్టూ మంచు ఉంది కదా అని మంచులో పెట్టి తీసుకుపోవద్దు, నేరుగా మంచు తగిలితే కణజాలం గడ్డకట్టి అతకడానికి పనికిరాకుండా పోతుంది. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచీలో వేసి మూతి కట్టి, ఆ సంచీని మంచుముక్కలు వేసిన నీళ్లలో ఉంచండి. అలా చల్లగా ఉంచిన వేలు పన్నెండు గంటల వరకు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా, అతకడానికి పనికివస్తుంది. నలిగిపోయింది, ఇక లాభం లేదని మీరు తీర్మానించి పారవేయవద్దు. తెగిన సమయాన్ని సంచీ మీద రాసి, గాయపడిన మనిషితో పాటు అదే వాహనంలో పంపించండి.