డూమ్ ఛత్తీస్‌గఢీ మాట్లాడితే

రాయ్‌పూర్: సూపర్‌హీరోలు ఓడిపోయి 30 ఏళ్లయింది. లోకం విలన్ల చేతిలో ఉంది. 2021లో అమెరికాలో మొదలైన మార్వెల్ ఆడియో నాటకం 'వేస్ట్‌లాండర్స్' కథ ఇది. స్టార్ లార్డ్, హాక్ ఐ, బ్లాక్ విడో, వుల్వరిన్, డూమ్‌లకు తలా ఒక సీజన్ ఇచ్చారు. 2022 డిసెంబరులో వచ్చిన ఆరో సీజన్‌లో ఆ కథలన్నిటినీ కలిపి ముగించారు. శిథిల నగరమైనా, అంతరిక్ష నౌకైనా అన్నీ చెవితో చూడాల్సిందే.

2023లో ఈ సిరీస్ ఆడిబుల్ ద్వారా హిందీలోకి వచ్చింది. స్టార్ లార్డ్‌కు సైఫ్ అలీఖాన్, బ్లాక్ విడోకు కరీనా కపూర్ గొంతులిచ్చారు. రాయ్‌పూర్ శ్రోతకు హిందీ అర్థమవుతుంది, సందేహం లేదు. కానీ నగరం దాటితే ఇంట్లో తిట్టుకోవడానికీ, నవ్వుకోవడానికీ ఛత్తీస్‌గఢీయే.

తెర లేని నాటకానికి భాషే రంగస్థలం. ఈ ఊరివాడైన హబీబ్ తన్వీర్ (1923-2009) ఆ సంగతిని ఆలస్యంగానే గ్రహించారు. బొంబాయి ఆకాశవాణిలో పనిచేసిన ఆయన, తర్వాత ఛత్తీస్‌గఢ్ పల్లె కళాకారుల చేత హిందీ నాటకాలాడించారు. వాళ్ల ఊళ్లో చెలరేగిపోయే నటులు హిందీ సంభాషణ దగ్గర బిగుసుకుపోయేవారు. లోపం వాళ్లలో లేదని, తాను అప్పగించిన భాషలో ఉందని తెలుసుకోవడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. సొంత నుడి ఇచ్చాక 1975లో 'చరణ్‌దాస్ చోర్' వచ్చింది. 1982లో అది ఎడిన్‌బరోలో ఫ్రింజ్ ఫస్ట్ అవార్డు గెలుచుకుంది. అక్కడి ప్రేక్షకుల్లో ఛత్తీస్‌గఢీ ఎందరికి వచ్చు?

ఛత్తీస్‌గఢీలో అంతరిక్ష నాటకానికి సైఫ్ అక్కర్లేదు. నిశ్శబ్దంగా ఉండే గది, మంచి మైకు, నలుగురు నాచా నటులు, డబ్బు పెట్టే ఒక నిర్మాత ఉంటే చాలు. మొదటి మూడూ రాయ్‌పూర్‌లో కష్టపడకుండానే దొరుకుతాయి.