గౌరవం వేరు, మినహాయింపు వేరు

ఇస్నాపూర్, పాశమైలారం ప్రాంతాల్లో షిఫ్టు ముగించుకొని వచ్చే కార్మికుణ్ణి ఫ్యాక్టరీ గేటు దగ్గర తనిఖీ చేస్తారు. సంచిలో రాగి తీగ ముక్క దొరికినా సంజాయిషీ చెప్పుకోవలసిందే. దాన్ని ఎవరూ తప్పు పట్టరు. కాని అదే కార్మికుడు జుమా రోజున మస్జిద్ పెట్టెలో వేసిన పది రూపాయలకు లెక్క అడిగితే, పెద్దలను ప్రశ్నించడమేమిటని మందలించేవారు మనలో ఉన్నారు. సామాన్యుడికి ఒక కొలత, ధార్మిక నాయకుడికి మరో కొలత! ఇస్లాం ఇందుకు అనుమతిస్తుందా?

దైవప్రవక్త (స) కాలంలో మఖ్జూమ్ అనే ఉన్నత వంశపు స్త్రీ దొంగతనం చేసింది. శిక్ష తప్పించమని కొందరు సిఫారసు పంపారు. ప్రవక్త (స) ఆగ్రహించారు. గొప్పవారిని వదిలి బలహీనులను శిక్షించినందుకే పూర్వ జాతులు నాశనమయ్యాయని హెచ్చరించారు. తన కుమార్తె ఫాతిమా ఆ పని చేసినా శిక్ష తప్పదన్నారు. జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక అధికారి కొంత సొమ్మును తనకు వచ్చిన కానుకగా చెప్పుకున్నప్పుడు, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని ఉంటే ఆ కానుక వచ్చేదా అని నిలదీశారు. పదవిని బట్టి వచ్చిన గౌరవం సొంత ఆస్తి కాదు, అది అమానతు.

ఈ పాఠాన్ని విస్మరిస్తే ఏమవుతుందో హైదరాబాద్ చూసింది. 1991లో పాతబస్తీకి చెందిన ఒక పసి బాలికను, భార్యగా చెప్పుకుంటూ, ఒక సౌదీ వృద్ధుడు విమానంలో తీసుకుపోతుండగా ఢిల్లీలో పట్టుబడ్డాడు. ఏడుస్తున్న పిల్లను చూసి ఎందుకని అడిగింది ఒక ఎయిర్‌హోస్టెస్. నికాహ్ జరిగిన చోట ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు! 2017 సెప్టెంబరులో హైదరాబాద్ పోలీసులు ఒప్పంద పెళ్ళిళ్ళ ముఠాను పట్టుకున్నప్పుడు ఒమన్, ఖతర్ దేశీయులు, దళారులతో పాటు ముగ్గురు ఖాజీలను కూడా అరెస్టు చేశారు. వారి దోషాన్ని తేల్చవలసింది న్యాయస్థానమే. కాని ఖాజీ సంతకం లేనిదే దళారీ వ్యాపారం సాగదన్న సంగతి మాత్రం సమాజానికి అర్థం కావాలి.

2006 నాటి బాల్య వివాహాల నిషేధ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. బాల్య వివాహం జరిపించినవారు ఎవరైనా సరే, రెండేళ్ళ వరకు కఠిన కారాగార శిక్షకు, లక్ష రూపాయల వరకు జరిమానాకు గురవుతారు. పంతులుకూ, పాస్టర్‌కూ, ఖాజీకీ మినహాయింపు లేదు. వక్ఫ్ ఆస్తులు చూసే ముతవల్లీ ఏటా బోర్డుకు లెక్కలు సమర్పించాలని 1995 నాటి వక్ఫ్ చట్టం ఆదేశిస్తోంది.

ఇలాంటివి బయటపడితే సమాజం పరువు పోతుందని కొందరు భయపడతారు. నిజానికి పరువు పోయేది తప్పు జరిగినప్పుడే. దాన్ని కప్పిపుచ్చినప్పుడు రెండోసారి పోతుంది. ఆత్మీయులకు, చివరికి తమకే వ్యతిరేకంగా ఉన్నా న్యాయానికి సాక్షులుగా నిలబడమని దివ్య ఖుర్ఆన్ విశ్వాసులను ఆదేశించింది.

అయితే లెక్క అడగడమంటే పుకారు మోయడం కాదు. వార్త వస్తే నిజానిజాలు విచారించుకోమన్నదీ ఖుర్ఆనే. చాలీచాలని జీతంతో ఐదు పూటలా నమాజు చదివించే ఇమాముల్లో అత్యధికులు నిజాయితీపరులు. వక్ఫ్ మస్జిదుల ఇమాములకు వేతనం ఇవ్వాలని 1993లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇమాముకు సకాలంలో జీతం ఇవ్వని కమిటీ కూడా జవాబు చెప్పవలసిందే.

కనుక ప్రతి మస్జిద్ కమిటీ నెలనెలా జమాఖర్చులను నోటీసు బోర్డు మీద పెట్టాలి. వధూవరుల వయసు ధ్రువపత్రం చూడనిదే నికాహ్ చదివించకూడదు. పిల్లలు మదర్సా గురించి ఫిర్యాదు చేస్తే తల్లిదండ్రులు ఉస్తాద్ హోదా చూసి కాదు, పిల్లల మాట విని అడుగు వేయాలి. నేరమనిపిస్తే పోలీసుల దగ్గరకు వెళ్ళాలి. సచ్ఛీలుడైన ఆలిమ్‌కు ఈ ప్రశ్నల వల్ల నష్టం లేదు. ఆయన గౌరవాన్ని కాపాడేవి అవే.