పాపికొండల జాతీయ ఉద్యానం: వారసత్వాన్ని వ్యాఖ్యానించే అధికారం ఎవరిది?

కొండరెడ్లపై మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1945లో వెలువరించిన గ్రంథం పేరుకు ‘అడవిదున్నల కొండల్లోని రెడ్లు’ అని అర్థం. ఆ పేరులో జంతువు, కొండ, మనిషి ఒక్కచోటే కనిపిస్తారు. అదే కొండసీమలోని పాపికొండల అభయారణ్యాన్ని 2008లో జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. ఈ కొత్త నిర్వచనంలో జంతువుకూ కొండకూ స్థానం దక్కింది, మనిషికి దక్కలేదు. జాతీయ ఉద్యానాల్లో సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ విఫలం కావడానికి మూలం ఈ విభజనలోనే ఉందనీ, ఆ వైఫల్యంలో తెలుగు శాఖలకూ భాగముందనీ ఈ వ్యాసం వాదన.

చట్టం చూపు

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 35వ సెక్షను ఒక ప్రాంతాన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించడానికి తగిన ప్రాముఖ్యాలను పేర్కొంటుంది. జీవావరణం, జంతుజాలం, వృక్షజాలం, భూస్వరూపం వంటివి ఆ జాబితాలో ఉన్నాయి. సంస్కృతి అన్న మాట లేదు. తుది ప్రకటనకు ముందు ఆ భూమిపై ఉన్న హక్కులన్నీ ప్రభుత్వానికి సంక్రమించాలని కూడా ఆ సెక్షను నిర్దేశిస్తుంది. అభయారణ్యంలో కొన్ని హక్కులను కొనసాగనిచ్చే వెసులుబాటు ఉంది. ఉద్యానంలో పశువుల మేతకు సైతం అనుమతి లేదు. హక్కును తొలగించిన తరువాత ఆ హక్కుపై నిలిచిన పండుగను, పాటను, మొక్కుబడిని కాపాడతామనడం వేరు నరికి ఆకులపై నీళ్లు చల్లడమే. కొండరెడ్లలో మామిడి పండుగ జరిగేవరకు కొత్త మామిడిపండు ముట్టరాదన్న కట్టుబాటు ఉంది. కాయ కోసుకునే చెట్టు అందుబాటులో లేనివారికి ఆ కట్టుబాటు ఏ అర్థంతో మిగులుతుంది? వేదికపై ప్రదర్శించడానికి నృత్యం మిగలవచ్చు, పండుగ మిగలదు.

వ్యాఖ్యాన లోపం

‘పాపికొండలు’ అన్న పేరుకు పడవ ప్రయాణికులు తరచుగా వినే వ్యుత్పత్తి ఒకటుంది: గోదావరి కొండలను పాపిడి తీసినట్లు చీల్చుకుని పారుతున్నందున ఇవి పాపిడి కొండలయ్యాయని. ఈ వ్యుత్పత్తి సాధ్యాసాధ్యాలు అటుంచి, అది ఏ స్థానం నుంచి పుట్టిన చూపో గమనించాలి. పాపిడి కనిపించేది నది నడుమ పడవలో కూర్చున్నవారికి. కొండపై పోడు కొట్టుకుని బతికినవారికి ప్రతి వాగుకూ, ప్రతి మెరకకూ, ప్రతి రాతికీ వేరువేరు పేర్లున్నాయి. యాత్రికుని చూపే వ్యాఖ్యానంగా స్థిరపడితే, నివాసి జ్ఞాపకం పుకారు స్థాయికి దిగజారుతుంది.

జీలుగు చెట్టునే తీసుకుందాం. వృక్షశాస్త్ర నామంతో ఒక ఫలకం తగిలిస్తే ఆ చెట్టును వివరించినట్లే అనుకుంటాం. కొండరెడ్లకు అది కల్లునిచ్చే చెట్టు, కరవులో గుజ్జునిచ్చి ప్రాణం నిలిపిన చెట్టు. ఈ కొండలను ఆనుకున్న రంప సీమలో 1879లో తిరుగుబాటు చెలరేగడానికి ముఖ్యకారణాల్లో ఒకటి కల్లుగీతపై ఆబ్కారీ నిబంధనలు, మన్సబుదారు విధించిన చిగురుపన్ను. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడుపై తెచ్చిన ఆంక్షలు 1922-24 నాటి మన్యం పోరాటానికి నేపథ్యమయ్యాయి. అడవిలో ఎవరు ఏ చెట్టును ముట్టవచ్చునన్న ప్రశ్నపైనే ఈ సీమ చరిత్ర నడిచింది. ఆ ప్రశ్నను తొలగించి చెట్టును మాత్రమే చూపే వ్యాఖ్యానాన్ని తటస్థమైనదిగా అంగీకరించలేం.

మన బాధ్యత

అటవీశాఖను తప్పుపట్టడం సులభం. మన శాఖలు చేసిందేమిటి? బిరుదురాజు రామరాజు వంటి మార్గదర్శకుల కృషి వల్ల జానపద సాహిత్యం విశ్వవిద్యాలయ పరిశోధనలో స్థానం పొందింది. ఆ బాటలో నడిచినవారమే పాటలను శ్రమగేయాలనీ, స్త్రీల పాటలనీ, పిల్లల పాటలనీ ప్రక్రియల వారీగా విభజించి, అవి పుట్టిన చోటును పాదసూచికలో ఒక గ్రామనామానికి కుదించాం. స్థలనామ పరిశోధనలోనూ శాసనాలకెక్కిన ఊళ్ల పేర్లకు దక్కిన శ్రద్ధ, శాసనాలకెక్కని వాగుల పేర్లకు దక్కలేదు. కొండరెడ్ల మాతృభాష తెలుగు. మన భాషలోనే ఉన్న ఆ నామసంపదను మనమే నమోదు చేయకపోతే మరెవరు చేస్తారు? అడవి నుంచి మనిషిని వేరుచేసిన చట్టానికీ, చోటు నుంచి పాటను వేరుచేసిన మన వర్గీకరణకూ పద్ధతిలో భేదం లేదు.

దీనికి రెండు అభ్యంతరాలు ఎదురుకావచ్చు. మొదటిది: మానవ ప్రవేశం పెరిగితే వన్యప్రాణులకు చేటు కదా? నిజమే. అయితే ఇదే కొండల పాదాల దగ్గర పోలవరం జలాశయం కోసం గోదావరి ఒడ్డు గ్రామాలు ఖాళీ అవుతున్నప్పుడు, చేటు లెక్కలో మామిడి పండుగను ముందువరుసలో నిలపడం న్యాయం కాదు. రెండవది: పరిశోధకుని పని పరిశోధనే గాని హక్కుల వ్యవహారం కాదు గదా? ఈ అభ్యంతరానికి సమాధానం చట్టంలోనే ఉంది.

2006 నాటి అటవీ హక్కుల గుర్తింపు చట్టం జాతీయ ఉద్యానాలకూ వర్తిస్తుంది. అడవినే నమ్ముకున్న గిరిజనుల సాంస్కృతిక, ప్రాకృతిక వారసత్వాన్ని దెబ్బతీసే చర్యల నుంచి వారి ఆవాసాన్ని కాపాడే అధికారం 5వ సెక్షను గ్రామసభకు ఇచ్చింది. 2007 నాటి నియమావళిలోని 13వ నియమం హక్కుకు సాక్ష్యంగా బావులను, శ్మశానాలను, పవిత్రస్థలాలను, లిఖితరూపంలో పెట్టిన పెద్దల వాంగ్మూలాన్ని అంగీకరిస్తుంది. సామూహిక హక్కు విషయంలో దుంపలు తవ్వుకునే తావులు, చేపలు పట్టే చోట్లు, పూజించే చెట్లు కూడా సాక్ష్యమే. ఇవన్నీ క్షేత్రపర్యటనలో మనం సేకరించేవే. మన అల్మరాల్లో వ్యాకరణోదాహరణలుగా నిద్రిస్తున్న వాక్యాలు ఒక గ్రామసభ చేతిలో ఆధారాలు కాగలవు.

ముగింపు

అందువల్ల సంరక్షిత అటవీ ప్రాంతాల్లో జరిగే ప్రతి తెలుగు పరిశోధనకూ మూడు నియమాలను ప్రతిపాదిస్తున్నాను. సేకరించిన ప్రతి పాటకూ, కథకూ అది ప్రస్తావించే వాగు, చెట్టు, రాయి పేర్లను స్థానిక ఉచ్చారణతో నమోదు చేయాలి. పరిశోధన ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి చేరడానికి ముందే గ్రామసభకు అందాలి. ఏది బయటపెట్టవచ్చో, ఏ పవిత్రస్థలం యాత్రికుల కంటబడకూడదో నిర్ణయించే అధికారం గ్రామసభదే కావాలి. రహస్యంగా ఉంచడం కూడా పరిరక్షణలో భాగమే. ముంపు గ్రామాల నుంచి తరలిపోయిన పెద్దలు వెనుక వదిలిన చోట్ల పేర్లను ఇంకా చెప్పగలుగుతున్నారు. వారి తరువాతి తరం పునరావాస కాలనీలో పుడుతోంది. పేరు పలికే నోరు లేనప్పుడు చోటుకు సాక్ష్యం ఉండదు. ఆ నష్టాన్ని ఏ ఫలకమూ పూడ్చలేదు.