భయం చల్లారడానికి రెండు నెలలు చాలవు

ఇద్దరు పిల్లల్ని తీసుకుని తెల్లవారుజామున బస్సెక్కి పుట్టింటికి వచ్చేసిన ఒక దళిత మహిళ, ఏడాది దాటినా రాత్రి ఏడింటికల్లా తలుపు గడియ పెట్టేస్తుంది. అతను తాగి ఇంటికొచ్చే టైము అది. "వాడక్కడున్నడు, నేనిక్కడున్న. తెలుసు. కానీ ఏడు కొట్టిందంటే కడుపుల తిప్పుతది అక్కా" అని నా పరిశోధన కోసం కలిసినప్పుడు చెప్పింది. ఏ రోజు కొట్టాడో వరుసగా చెప్పమంటే ఆమె చెప్పలేదు. స్టేషన్లో మొదట అడిగింది మాత్రం అదే. తేదీలు తడబడేసరికి "ఎవరు నేర్పి పంపిండ్రు?" అన్నారట.

ఆ తడబాటు అబద్ధం కాదు, గాయానికి గుర్తు. ఒక్కసారి జరిగిన ప్రమాదం చేసే గాయం వేరని, తప్పించుకునే దారిలేక ఏళ్ల తరబడి ఒకరి అదుపులో బతకడం చేసే గాయం వేరని అమెరికన్ మనోవైద్యురాలు జుడిత్ హెర్మన్ 1992లోనే రాశారు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ ఐసీడీ-11 ఈ రెండో దాన్ని ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. జరిగింది పదేపదే కళ్లముందుకు రావడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, తాను దేనికీ పనికిరానన్న భావన, సిగ్గు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేకపోవడం దీని లక్షణాలు. కొందరిలో ఇవి ఇల్లు దాటాకే బయటపడతాయి. లోపల ఉన్నంతకాలం ఆ పూట గడవడమే పెద్ద పని.

దళిత మహిళకు ఈ గాయంపై మరో బరువు పడుతుంది. పుట్టిల్లంటే చాలాసార్లు వాడలో ఒకటి రెండు గదులు, రోజు కూలి మీద బతికే అమ్మానాన్నలు. స్టేషన్‌కి వెళ్తే "మీ దాంట్లో ఇది మామూలేగా" అనే మాట. అలా అనే నోటికి తన మనిషిని తానే అప్పగిస్తున్నానన్న అపరాధ భావం. భర్తది వేరే కులమైతే ఇంట్లోనే కులం పేరుతో తిట్లు. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు తిడితే అట్రాసిటీ చట్టం కింద నేరం కాదని 2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది భూతగాదా కేసే. కానీ ఆ తర్కం అత్తింటి గోడలకూ వర్తిస్తే, ఆమెను అన్నిటికన్నా లోతుగా కోసిన మాటలకు ఫైల్లో చోటే ఉండదు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 18–49 ఏళ్ల పెళ్లయిన మహిళల్లో భర్త చేతిలో హింస అనుభవించినవారు తెలంగాణలో దాదాపు 37 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం. దేశం మొత్తం మీద హింసకు గురైనవారిలో 77 శాతం మంది ఆ మాట ఎవరికీ చెప్పనే లేదు. సాయం కోరింది 14 శాతమే. అంటే గడప దాటి స్టేషన్ దాకా వచ్చిన మహిళ అప్పటికే చాలా దూరం నడిచి వచ్చిందని అర్థం.

ఆమెకు అక్కడ ఇప్పుడు ఎదురవుతున్నది 'శాంతించే గడువు'. 498ఏ కేసులపై అలహాబాద్ హైకోర్టు 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అమలు చేయాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. వాటి ప్రకారం ఎఫ్ఐఆర్ అయ్యాక రెండు నెలలు అరెస్టు ఉండదు. కేసు కుటుంబ సంక్షేమ కమిటీకి వెళ్తుంది. ఇలాంటి కమిటీలనే 2017లో సుప్రీంకోర్టు తెచ్చి, 2018లో తానే తీసేసింది.

ఆ మార్గదర్శకాలను దళిత మహిళ చోటు నుంచి చదవండి. ఇరుపక్షాలూ నలుగురేసి పెద్దలతో కమిటీ ముందు కూర్చోవాలి. కూలి తల్లిదండ్రులున్న ఆమెకు ఆ నలుగురు ఎవరు? కమిటీలో యువ న్యాయవాదులు, న్యాయ విద్యార్థులు, రిటైర్డ్ జడ్జీలు, సీనియర్ అధికారుల చదువుకున్న భార్యలు సైతం ఉండొచ్చు. దళిత మహిళ ఒక్కరైనా ఉండాలన్న నిబంధన లేదు. హత్యాయత్నం స్థాయి గాయం లేని కేసులే అక్కడికి వెళ్తాయి. మనసుకు తగిలిన గాయం ఆ లెక్కలోకి రాదు. 498ఏ మాత్రం శారీరక ఆరోగ్యంతో పాటు మానసిక ఆరోగ్యానికి కలిగే ప్రమాదాన్నీ క్రూరత్వంగానే చెప్పింది. ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 86వ సెక్షన్‌లోనూ ఆ మాట ఉంది.

చట్టం దుర్వినియోగమవుతోందని తెలంగాణ నుంచి వెళ్లిన ఒక కేసులో 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు వ్యాఖ్యానించింది. సంబంధం లేని బంధువుల్ని ఇరికించిన కేసులు ఉండొచ్చు, వాటిని కొట్టేసే అధికారం కోర్టులకు ఎప్పటి నుంచో ఉంది. దాని కోసం ప్రతి ఫిర్యాదుదారునీ రెండు నెలలు ఆపనక్కర్లేదు. శాంతించమనేది కోపంలో ఉన్నవాళ్లతో. ఈమె ఉన్నది భయంలో. కొట్టినవాడి ఎదుట కూర్చోబెడితే ఆ భయం తిరగబెడుతుంది. తల దించుకుని ఆమె "సరే" అంటే దాన్ని రాజీ అని రాసుకుంటారు. 2005 గృహహింస చట్టం మొదటి విచారణ నుంచి 60 రోజుల్లో దరఖాస్తు తేల్చేందుకు ప్రయత్నించాలని మేజిస్ట్రేట్‌కు చెబుతోంది. ఒక చట్టం ముగించమన్న వ్యవధిని, మరో చట్టం కింద మొదలుపెట్టకుండా ఆగడానికి వాడుతున్నాం.

కమిటీల్లో దళిత మహిళల ప్రాతినిధ్యం, ముఖాముఖి కూర్చోవడానికి నిరాకరించే హక్కు, మానసిక గాయాన్ని వైద్యుల చేత నమోదు చేయించే ఏర్పాటు: మన సంఘాలు వెంటనే అడగాల్సినవి ఈ మూడు. అడుగుతూనే మనం చేయగలిగినదీ ఉంది. స్టేషన్‌కి ఆమెతో పాటు వెళ్లడం, జిల్లా ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించి ఆ కాగితాలు దాచడం, 181 (మహిళా హెల్ప్‌లైన్), 14416 (టెలీమానస్) నంబర్లు వాడలో అందరికీ తెలిసేలా చేయడం. ఆమె ఒకసారి తిరిగి వెళ్లిపోయినా, రెండోసారి వచ్చినప్పుడు "మళ్లీ ఎందుకు పోయినవ్?" అని అడగకుండా తలుపు తీయడం.