సర్వే ఫారం ఎవరి చేతిలో ఉంది?

పాకీపని చేస్తూ ఎవరూ చనిపోలేదని, చనిపోయినవాళ్లు మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు ‘ప్రమాదకరంగా శుభ్రం చేస్తూ’ పోయారని కేంద్రం పార్లమెంటులో చెబుతూ వచ్చింది. 2013 చట్టం ఈ రెండు పనులకూ వేరువేరు నిర్వచనాలు ఇచ్చింది గనుక కాగితం మీద ఆ జవాబు చెల్లుతుంది. వాడలో చెల్లదు. నిన్న తట్ట మోసిన ఇళ్ల నుంచే ఇవాళ ట్యాంకులోకి దిగుతున్నారని అక్కడ అందరికీ తెలుసు. 2021లో రాజ్యసభకు ఇచ్చిన లెక్క చూడండి. పాకీపనివాళ్లుగా గుర్తించిన 58,098 మందిలో 43,797 మంది కులం వివరాలు దొరికాయి. వాళ్లలో 42,594 మంది ఎస్సీలు.

సోషల్ వర్క్ చదివే మనకు దీనితో సంబంధం ఉంది. ఎవరు కనబడతారు, ఎవరు కనబడరు అన్నది ఫారం పట్టుకుని వెళ్లే మనిషిని బట్టి కూడా ఉంటుంది. క్లాసులో మాత్రం 1957లో ఫెలిక్స్ బీస్టెక్ చెప్పిన కేస్‌వర్క్ సూత్రాలు బట్టీ పట్టిస్తారు: తీర్పు చెప్పకు, ఉద్వేగాన్ని అదుపులో పెట్టుకో. మంచి మాటలే. కానీ దళిత విద్యార్థి ఫీల్డ్‌వర్క్ రిపోర్టులో కులం గురించి రాస్తే ‘నీ నేపథ్యం అడ్డొస్తోంది’ అంటారు. కులం ఊసే లేని రిపోర్టు రాసినవాళ్ల నేపథ్యం ఎవరూ అడగరు. వాళ్లకసలు నేపథ్యమే లేనట్టు!

బెజవాడ విల్సన్ 1966లో కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో, ఈ పని మీదే బతికిన తెలుగు కుటుంబంలో పుట్టారు. ఆయన మరికొందరితో కలిసి మొదలుపెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీంకోర్టుకు వెళ్తే, తమ దగ్గర పాకీదొడ్లే లేవని పలు రాష్ట్రాలు అఫిడవిట్లు వేశాయి. కార్యకర్తలు వీధులు తిరిగి, దొడ్లు ఎక్కడున్నాయో, ఎవరు ఎత్తుతున్నారో ఫొటోలతో సహా కోర్టు ముందు పెట్టారు. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలన్న 2014 తీర్పు వెనక ఆ తిరుగుడంతా ఉంది. అధికారులకు కనబడనిది వీళ్లకెలా కనబడింది? ఏ వేళకు ఏ వెనక సందులోకి వెళ్లాలో తెలుసు గనుక. పైగా ‘ఈ పని చేస్తావా?’ అని ఆఫీసరు నలుగురిలో అడిగితే లేదనే అంటారు. ‘మా ఇంట్లోనూ చేశారమ్మా’ అన్నాక అడిగితే వచ్చే జవాబు వేరు.

అలాగని పుట్టుక ఒక్కటే అర్హత అనలేం. ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ దళితుడు కాదు. ఫైలు ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలిసిన తన అనుభవాన్ని ఆయన ఈ ఉద్యమానికి ఇచ్చారు.

దళిత అన్న మాట కింద కూడా తేడాలున్నాయి. మాల కుటుంబం నుంచి వచ్చిన నేను పరిశోధన కోసం రెల్లి వీధికి వెళ్తే, అక్కడివాళ్లకు చదువుకున్న బయటి మనిషినే. మా ఇంట్లో ఎవరూ చీపురు పట్టి రోడ్లు ఊడ్వలేదని వాళ్లకు తెలుసు. ఒకావిడ మొహం మీదే అడిగేసింది కూడా. 2025లో ఆంధ్రప్రదేశ్ వర్గీకరణ చేసినప్పుడు రెల్లి, దాని అనుబంధ కులాలకు విడిగా 1 శాతం కేటాయించింది. వర్గీకరణ మీద మనలో మనకు ఎన్ని వాదనలున్నా, ఆ వీధుల నుంచి ఎంఎస్‌డబ్ల్యూ దాకా వచ్చినవాళ్లు ఎందరో మన డిపార్ట్‌మెంట్లు లెక్క చూసుకోవాలి.

వచ్చినవాళ్లకైనా దొరికేది బస్తీ పనే. ‘మీవాళ్లే కదా, మీరైతే బాగా మాట్లాడతారు’ అంటారు. నివేదిక రాసేది, నిధుల సంగతి మాట్లాడేది హెడ్డాఫీసులో ఇంకొకరు. బస్తీలో అర్హతగా పనికొచ్చిన నేపథ్యం హెడ్డాఫీసు మెట్లెక్కేసరికి పక్షపాతం అయిపోతుంది.

ఇప్పుడు ‘నమస్తే’ పథకం కింద మురుగు, సెప్టిక్ ట్యాంకు కార్మికుల వివరాలు నమోదు చేస్తున్నారు. చెత్త ఏరేవాళ్లనూ అందులో చేర్చారు. ఆ ఫారంలో ఏ ప్రశ్నలుండాలో, ఎవరు వెళ్లి అడగాలో మీ మున్సిపాలిటీలో ఎవరు నిర్ణయించారు? ఆ కూర్చున్నవాళ్లలో రెల్లి, మెహతర్, తోటి ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా? సమాచార హక్కు దరఖాస్తుకు అయ్యే ఖర్చు 10 రూపాయలు.