పెట్టెలో వచ్చే యంత్రాన్ని బిగించేదెవరు?

యంత్రం కొనేది పని తగ్గుతుందని. తీరా పెట్టె విప్పాక కొత్త పని నెత్తిన పడుతోంది. కలుపు తీసే పవర్ వీడర్ కానీ, మేత ముక్కలు చేసే చాఫ్ కట్టర్ కానీ, ఇప్పుడు చాలావరకు విడి భాగాలుగా అట్టపెట్టెల్లోనే వస్తున్నాయి. ఇంజన్ ఒకచోట, హ్యాండిల్ ఒకచోట, బ్లేడ్లు ఒక మూట, బోల్టులన్నీ కలిపి ఒక ప్లాస్టిక్ సంచి. "బాబాయ్, బొమ్మలు చూసి బిగించుకో, అరగంట పని" అంటాడు దుకాణంలో కుర్రాడు. ఆ అరగంట పని రెండు రోజులైనా తెమలదు. సత్తెనపల్లి, ముప్పాళ్ల, రాజుపాలెం, నకరికల్లు మండలాల్లో పత్తి, మిరప వేసే రైతుకు ఆ రెండు రోజులు ఊరికే వచ్చేవి కావు.

నల్లరేగడి సంగతి మనకు కొత్తగా చెప్పేదేముంది? వాన వెలిసిన మర్నాడు కాలు పెడితే దిగబడుతుంది. ఆరితే రాయవుతుంది. మధ్యలో పదును నిలిచేది కొద్ది రోజులే. పత్తికి మొదటి రెండు నెలలు కలుపు పోటీ గట్టిగా ఉంటుంది. ఆ అదనులో యంత్రం చావిట్లో విప్పి పడుంటే, ఇటు కూలీలను పెట్టక తప్పదు, అటు యంత్రానికి పోసిన డబ్బుకు వడ్డీ కట్టకా తప్పదు.

పాత పనిముట్లకు ఈ చిక్కు లేదు

గొర్రు, గుంటక కూడా ముక్కలు కలిపి చేసినవే. కానీ వాటిని బిగించేది ఊళ్లో వడ్రంగి, కమ్మరి. రైతు పక్కనే కూర్చుని చూసేవాడు. ఏ చీల ఎక్కడ కొట్టారో, ఏది వదులైతే ఏమవుతుందో అతనికి తెలిసేది. చేలో చీల ఊడిపోతే అక్కడికక్కడే తుమ్మకర్ర చెక్కి దిగ్గొట్టుకునేవాడు. యంత్రం విషయంలో పోయింది ఆ తెలివిడే. తయారుచేసిన వాడు ఎక్కడో దూరాన ఉన్నాడు. అమ్మినవాడికి బిగించడం రాదు, లేదా తీరిక లేదు. కొన్నవాడి చేతిలో ఇంగ్లీషులోనో, అసలు తెలియని భాషలోనో ఒక చిన్న పుస్తకం.

ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంది కంపెనీల పద్ధతి. అన్ని వేల రూపాయల యంత్రం పంపుతూ నాలుగు పేజీల తెలుగు పుస్తకం దగ్గర, సరైన పానా దగ్గర పొదుపు చేస్తున్నారు. బోల్టుల తీరే చూడండి. 10 మిల్లీమీటర్ల బోల్టుకు తల సైజు తయారీ ప్రమాణాన్ని బట్టి 14, 16, 17 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంట్లో ట్రాక్టరు పానాలున్నా వాటిలో ఇది ఉంటుందన్న నమ్మకం లేదు. దగ్గర సైజుతో తిప్పితే తల అంచులు అరిగి గుండ్రమవుతుంది. ఇక దాన్ని ఊడదీయడానికి వెల్డింగ్ షాపు దారి పట్టాల్సిందే.

ఇది ఒక్క రైతు గొడవే కాదు. తలుపుల మీద లతలు చెక్కడానికి కంప్యూటరుతో నడిచే సీఎన్‌సీ రౌటర్ కిట్లు తెప్పించుకుని ఇంట్లోనే బిగించుకునే కుర్రాళ్లదీ ఇదే బాధ. చట్రం చదరంగా కుదరదు, మోటారు ఒక దిక్కు తిరగమంటే ఇంకో దిక్కు తిరుగుతుంది. వాళ్లు కనిపెట్టిన ఉపాయం మనకూ పనికొస్తుంది. ముందు ఏ బోల్టునూ పూర్తిగా బిగించరు. అన్నీ చేత్తో ఎక్కించి, చట్రం ఒక మూల నుంచి ఎదురు మూలకు టేపు పెట్టి కొలుస్తారు. రెండు ఐమూల కొలతలూ సమానమయ్యాకే పానా పడతారు. తొందరపడి మొదటి బోల్టే బిర్రుగా బిగిస్తే చివరి బోల్టుకు రంధ్రం కలవదు. పవర్ వీడర్ హ్యాండిల్ దగ్గర మన రైతులు పడే అవస్థకు సగం కారణం ఇదే.

రైతు చేతిలో ఉన్నవి

కంపెనీలు మారేదాకా ఆగలేం కాబట్టి, కొన్ని జాగ్రత్తలు మనమే పాటించాలి.

పెట్టెను దుకాణంలోనే విప్పించండి. భాగాల జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసి ఫోన్లో ఫొటో తీసుకోండి. ఏది తక్కువైనా బిల్లు మీదే రాయించండి. ఇంటికి తెచ్చాక "నాలుగు బోల్టులు తక్కువ" అంటే వినే నాథుడుండడు.

ఇంజన్లో ఆయిల్ ఉందనుకోవద్దు. రవాణాలో కారిపోకుండా చాలా ఇంజన్లను ఆయిల్ లేకుండానే పంపుతారు. ఇంజన్ ఆయిల్ వేరు, గేర్ బాక్సు ఆయిల్ వేరు. గాలి వడపోత ఆయిల్ గిన్నె రకమైతే దానిలోనూ పోయాలి. యంత్రాన్ని చదునైన నేల మీద నిలిపి మట్టం చూడాలి. ఆయిల్ లేకుండా తాడు లాగి స్టార్టు చేస్తే పిస్టన్ పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు.

బ్లేడ్లకు కుడి, ఎడమ ఉన్నాయి. యంత్రం ముందుకు నడిచేటప్పుడు పదునున్న అంచు ముందుగా నేలకు తగలాలి. తారుమారైతే యంత్రం దున్నదు, ఎగిరెగిరి పడుతుంది. "ఈ కంపెనీది మన రేగడికి పనికిరాదు" అని మూలన పెట్టేముందు ఒక్కసారి బ్లేడ్లు తిప్పి చూడండి. పత్తి సాళ్ల వెడల్పును బట్టి బయటి బ్లేడ్లు తీసేసి నడుపుకోవచ్చు. బ్లేడ్ల మీద చెయ్యి పెట్టే ముందు మాత్రం స్పార్క్ ప్లగ్ టోపీ ఊడదీయడం మరవొద్దు.

క్లచ్ వైరు సంగతి అన్నిటికన్నా ముఖ్యం. చేతిలోని లివర్ వదిలితే బ్లేడ్లు ఆగిపోవాలి. ఆగకపోతే వైరు బిగుతు సరిచేసేదాకా చేలోకి దించకూడదు. రంధ్రాలు కలవలేదని బ్లేడ్ల పైనుండే రేకు గార్డును పక్కన పడేసేవాళ్లున్నారు. కాలికి, బ్లేడుకు మధ్య అడ్డుండేది ఆ రేకు ఒక్కటే.

మొదటి గంట నడిపాక అన్ని బోల్టులూ మళ్లీ బిగించండి. ఇంజన్ అదురుకు కొత్త బోల్టులు వదులవుతాయి. పుస్తకంలో వేరేగా లేకపోతే మొదటి 20 గంటలకే ఇంజన్ ఆయిల్ మార్చాలి.

చట్టం ఏమంటోంది?

2020 జూలై నుంచి అమల్లో ఉన్న 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఈ విషయంలో రైతు పక్షానే ఉంది. హాని జరగకుండా సరిగా వాడే విధానాన్ని తగినంతగా చెప్పకపోతే, జరిగిన హానికి తయారీదారు బాధ్యుడు. వస్తువును బిగించడంలో, తనిఖీ చేయడంలో తగిన శ్రద్ధ చూపకపోయినా, తయారీదారు ఇచ్చిన హెచ్చరికలను కొన్నవాడికి అందజేయకపోయినా అమ్మినవాడిని కూడా బాధ్యుడిని చేయవచ్చు. సొంత కష్టంతో బతకడానికి కొన్నవాడు వినియోగదారుడే. 5 లక్షల లోపు విలువకు జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు. రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ముందుగా 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా అడగొచ్చు. అయితే బిల్లు, ఫొటోలు లేకపోతే ఏ చట్టమూ ఆదుకోదు.

అధికారులు ఆలోచించాల్సింది

వ్యవసాయ యంత్రాలను పరీక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ మన రాష్ట్రంలోనే, అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. 2014-15లో మొదలైన యాంత్రీకరణ ఉప పథకం కింద రాయితీ ఇవ్వాలంటే ఇలాంటి కేంద్రాల్లో పరీక్ష నెగ్గాలి. మంచి నిబంధనే. కానీ అక్కడ పరీక్షించేది సక్రమంగా బిగించిన యంత్రాన్ని. మన ఊరికి వచ్చేది విప్పిన యంత్రం. ఈ రెంటికీ మధ్య ఉన్న ఖాళీని ఏ పరీక్షా చూడటం లేదు.

అందుకే రాయితీ యంత్రాలకు ఒక షరతు చేర్చాలి. యంత్రం రైతు చేలో ఒక గంట నడిచి, రైతు సంతకం పెట్టాకే రాయితీ సొమ్ము కంపెనీకి ముట్టాలి. పెట్టెలో తెలుగు పుస్తకం, సరిపడే పానాలు, నాలుగు అదనపు బోల్టులు ఉండి తీరాలి. బాపట్ల వ్యవసాయ ఇంజనీరింగ్ కళాశాల, లాం పరిశోధనా స్థానం వంటివి తలుచుకుంటే మండలానికి ఇద్దరు యువకులకు ఈ పనిలో తర్ఫీదు ఇవ్వడం కష్టమేమీ కాదు. తొలకరికి ముందు మార్కెట్ యార్డులో ఒక రోజు పెట్టి, కొత్త యంత్రాలన్నీ అక్కడే బిగించి చూపితే ఆ సీజను గట్టెక్కుతుంది.

బిగించే కుర్రాళ్లను ఊరూరా తిప్పితే ఖర్చు తడిసి మోపెడవుతుందని డీలర్లు అంటున్నారు. విప్పి పంపితేనే లారీలో ఎక్కువ పడతాయన్నదీ నిజమే. కానీ రవాణాలో మిగిలింది కంపెనీకి, బిగించే శ్రమ రైతుకు అంటే ఎట్లా? మిగిలిన దాంట్లో కొంత బిగింపుకు కేటాయిస్తే సరిపోతుంది.

ఇంకొందరు "షాపులోనే పూర్తిగా బిగించి ఇవ్వండి, మాకీ బెడద వద్దు" అంటున్నారు. ఆ మాట కూడా సరికాదు. బ్లేడు అరిగిన రోజున, వైరు తెగిన రోజున చేలో ఉండేది రైతే. బిగించేటప్పుడు చూడనివాడు విప్పలేడు. కాబట్టి బిగించే పని కంపెనీదే కావాలి, అది రైతు కళ్ల ముందే జరగాలి. ఒక్కో బోల్టు అతని చేతికిచ్చి తిప్పించాలి. గుంటక చీలను ఎరిగినంత బాగా యంత్రం బోల్టును ఎరిగిన నాడు, పదును ఉన్న ఆ నాలుగు రోజులూ మన చేతుల్లో ఉంటాయి.