నాయన లేచి నడవలేదు, అయినా నిరీక్షణ పోలేదు

మా ఇంట్లో మూడు భాషలు తిరుగుతుంటాయి. మోర్ధానాలో గడప లోపల తెలుగు. గుడియాత్తం బస్సెక్కితే తమిళం. నాయన చాలా ఏళ్ళు కోలారు టమోటా మార్కెట్లో పని చేసినందువల్ల మేము అక్కాతమ్ముళ్ళం చదివింది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు మాకు బళ్ళో ఎవరూ నేర్పలేదు. సెలవులకు ఊరికొస్తే అవ్వ తన బైబిలు ముందు పెట్టి చదవమనేది. కన్నడ అక్షరాలు వచ్చు కాబట్టి తలకట్టు తేడా పట్టుకుంటే చాలు, ఒక్క ఎండాకాలంలో చదవడం వచ్చేసింది.

ఆ చదువులోనే ఒక విషయం కనిపెట్టాం. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో నిలిచి ఉండేవి మూడని చెబుతాడు కదా. తెలుగు బైబిల్లో వాటి పేర్లు విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ. తమిళంలో రెండోదాన్ని ‘నంబిక్కై’ అంటారు. కన్నడంలో ‘నంబికె’ అంటే మొదటిది, విశ్వాసం. ఒకే వేరు నుంచి వచ్చిన మాట ఒక భాషలో ఆశ, పక్క భాషలో విశ్వాసం. ఇక మన తెలుగు మాట ‘నిరీక్షణ’కి బయట వాడుకలో అర్థం ఏంటి? ఎదురుచూడడం. అంటే మన భాషలో ఆశ పెట్టుకోవడమంటే వెంటనే దొరకడం కాదు, కనిపెట్టుకుని ఉండడం. చిన్నప్పుడు ఇదొక తమాషా. మా ఇంటికి కష్టం వచ్చినాకే ఆ మాట బరువు తెలిసింది.

నాయనకు ఒక కల ఉండేది. కోలారులో సంపాదించింది కొంచెం చేతిలో పడగానే మోర్ధానాకు తిరిగొచ్చి, తాత భూమిలో మామిడి తోట వేసి, పక్కా ఇల్లు కట్టాలని. వచ్చాడు. మొక్కలు నాటాడు. కౌండిన్య నది డ్యామ్ పక్క ఊరు కాబట్టి నీళ్ళకు ఢోకా లేదనుకున్నాడు. పన్నెండేళ్ళ కిందట చింతకాయలు దులపడానికి చెట్టెక్కి కింద పడ్డాడు. వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ పోయింది. అప్పుడు ఆయనకు యాభై కూడా నిండలేదు.

ఆ ఏడాది వర్షాకాలంలో ఒక కూటానికి నాయనను ఆటోలో తీసుకుపోయాం. ప్రసంగించిన ఆయన తల మీద చెయ్యి పెట్టి, క్రిస్మస్‌కి నువ్వు నీ కాళ్ళ మీద చర్చికి వస్తావు అన్నాడు. అందరూ హల్లెలూయా అన్నారు. మేమూ అన్నాం, అమ్మ ఏడ్చింది. క్రిస్మస్ వచ్చింది, పోయింది. తరవాత ఎవరో, ఇంట్లో విశ్వాసం తక్కువైతే అట్లే అవుతుంది అన్నారు. ఆ మాటతో నాయన రెండేళ్ళు చర్చి గుమ్మం చూడలేదు. కాళ్ళు పోయినప్పుడు ఆయన అంత కుంగలేదు. దేవుని దగ్గర తప్పు తనదే అన్నప్పుడు కుంగిపోయాడు.

ఆ రోజుల్లోనే చికిత్సకు వేలూరు దగ్గర బాగాయంలో ఉన్న సీఎంసీ పునరావాస కేంద్రానికి పోయాం. మంచం మీది నుంచి కుర్చీలోకి చేతుల బలంతో జరగడం, అద్దం పెట్టుకుని వెనక వైపు పుండ్లు పడ్డాయేమో రోజూ చూసుకోవడం, మూత్రం గొట్టం తనకు తనే చూసుకోవడం అక్కడ నేర్పారు. వెన్నుదెబ్బ తగిలినవాళ్ళను చంపేది చాలాసార్లు ఆ దెబ్బ కాదు, పడక పుండ్లూ మూత్రంలో పట్టే చీమూ అని అక్కడే తెలిసింది. ఒకరోజు అక్కడ పనిచేసే ఒకరు ఈ కేంద్రం మొదలుపెట్టిన డాక్టరమ్మ కూడా చక్రాల కుర్చీలోనే ఉండేదని చెప్పారు. నాయన మొట్టమొదట అడిగిన ప్రశ్న మాకు ఇప్పటికీ గుర్తు.

“ఆయమ్మ మళ్ళీ లేచి నడిచిందా?”

“లేదయ్యా.”

“అయినా ఆపరేషన్లు చేసిందా?”

“చేసింది.”

నాయన ఇంకేం మాట్లాడలేదు. కానీ ఆ రాత్రి అన్నం సరిగ్గా తిన్నాడు.

ఆ డాక్టరమ్మ పేరు మేరీ వర్గీస్. 1925లో కేరళలో పుట్టి, వేలూరు సీఎంసీలో వైద్యం చదివింది. ఆ కాలేజీ గురించి మన వైపు వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. రాణిపేటలో పుట్టిన ఐడా స్కడర్ 1918లో ఆడవాళ్ళ కోసం మొదలుపెట్టిన వైద్య పాఠశాల నుంచి పెరిగిన కాలేజీ అది. మేరీ వర్గీస్ కల స్త్రీల వైద్యంలో నిపుణురాలు కావడం. 1954లో తోటి డాక్టర్లతో పోతున్న బండి బోల్తా పడింది. ముఖం మీద గాయం, వెన్నెముకకు దెబ్బ, నడుము కింద పక్షవాతం. ప్రసవాల వార్డులో గంటల తరబడి నిలబడి చేయాల్సిన పని ఇక కుదరదు. కల అక్కడితో తెగిపోయింది.

అప్పుడు ఆమెకు దారి చూపింది డాక్టర్ పాల్ బ్రాండ్. కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్స చేయడంలో ఆయన పేరు ప్రపంచమంతా తెలుసు. ఆ జబ్బులో నరాలు దెబ్బతిని వేళ్ళు గోళ్ళలాగా ముడుచుకుపోతాయి. బ్రాండ్ చేసింది ఏంటంటే, చేతిలో ఇంకా బాగా పనిచేస్తున్న ఒక కండరపు స్నాయువును తీసి, చచ్చుబడిన కండరం చేసే పనికి తగిలించడం. చచ్చుబడింది మళ్ళీ బతకదు. మిగిలినదానికే కొత్త పని అప్పచెప్తారు. ఆపరేషన్ అయ్యాక రోగి వారాల తరబడి వ్యాయామం చేస్తే గానీ ఆ స్నాయువుకు తన కొత్త పని అలవాటు కాదు. చేతి ఆపరేషన్ కూర్చుని కూడా చేయొచ్చు కదా అని మేరీ వర్గీస్‌ను ఆ పనిలోకి తెచ్చారు. కుర్చీలో కూర్చునే ఆమె ఎందరి వేళ్ళనో తెరిచింది. తరవాత న్యూయార్క్‌లో డాక్టర్ హోవర్డ్ రస్క్ సంస్థలో పునరావాస వైద్యం నేర్చుకుని వేలూరికి తిరిగొచ్చింది. 1966లో పునరావాస కేంద్రం తెరిచారు. 1972లో పద్మశ్రీ వచ్చింది. 1986లో చనిపోయింది. ముప్పై ఏళ్ళకు పైగా కుర్చీలోనే బతికింది.

ఇక మా అభిప్రాయం. మన చర్చిల్లో సాక్ష్యమంటే ఒకే మూసగా తయారైంది. సీటు పోయింది, ప్రార్థించాం, వచ్చింది. జబ్బు వచ్చింది, ప్రార్థించాం, పోయింది. అలాంటి సాక్ష్యాలు అబద్ధమని మేము అనడం లేదు. స్వస్థత జరగదనీ అనడం లేదు. కానీ అవి మాత్రమే వినిపిస్తే, సీటు రానివాడూ కాళ్ళు రానివాడూ వెనక బెంచీలో కూర్చుని తన విశ్వాసాన్నే అనుమానించుకుంటాడు. పౌలు తన శరీరంలో ఉన్న ముల్లును తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరైనా అంటారా? సిలువ తరవాత ఎమ్మాయు దారిన నడిచిన ఇద్దరు శిష్యులూ తాము పెట్టుకున్న ఆశ గురించి అయిపోయిన సంగతిలాగా చెప్పుకున్నారు. పక్కన నడుస్తున్నది ఎవరో వాళ్ళకు తెలియలేదు. ఆయన వాళ్ళను తిట్టి పంపలేదు, వాళ్ళతో నడిచాడు, చీకటి పడితే వాళ్ళతో భోజనానికి కూర్చున్నాడు.

మేము బతికేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని మీద. అందులో రెండు గడులు ఉంటాయి. ఒకదాంట్లో ఏం జరగాలో రాస్తాం, ఇంకోదాంట్లో ఏం జరిగిందో రాస్తాం. మొదటిది నచ్చిందని రెండోదాన్ని మార్చి రాసేవాడు టెస్టరు కాడు. విశ్వాసం కూడా ఆ రెండో గడిని దిద్దమని అడగదని మా నమ్మకం. జరిగింది జరిగినట్టు దేవుని ముందు చదవగలిగితేనే నిరీక్షణ మొదలయ్యేది.

ఇంకో మాట కూడా చెప్పాల. ఇలాంటి కథల్లో ఖర్చు ఎవరిదో ఎవరూ రాయరు. నాయన పడినప్పుడు తమ్ముడు పోలీసు సెలక్షన్‌కు తయారవుతున్నాడు. మానేసి భూమి చూసుకున్నాడు. అమ్మ పన్నెండేళ్ళలో ఒక్క రాత్రి కూడా తెల్లవార్లూ నిద్రపోలేదు. మాకు బెంగళూరులో ఉద్యోగం ఉందంటే ఊళ్ళో ఆ ఇద్దరూ ఉన్నందువల్లే. దేవుడు మా నాయనను నిలబెట్టాడు అని మేము అంటే, ఆ నిలబెట్టిన చేతుల్లో నాలుగు వీళ్ళవి. తమ్ముడి కల తిరిగి రాదు. దానికి తీపి పూసి చెప్పడం మాకు ఇష్టం లేదు.

నాయన ఇప్పుడు ఏం చేస్తాడంటే, కుర్చీలో కూర్చుని మామిడికి అంటు కడతాడు. నాటు మొక్క మీద మంచి జాతి కొమ్మ పెట్టి కట్టు కట్టడం కూర్చుని చేసుకునే పనే. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వచ్చి తీసుకుపోతారు. ఆ డబ్బుతో పక్కా ఇల్లు కట్టలేదు, కట్టేంత రాదు కూడా. తోట మేము అనుకున్నంత పెరగలేదు, కొన్నిసార్లు ఏనుగులు దిగి తొక్కి పోయినాయి. మొదట్లో మేము బాధపడితే నాయన అన్నాడు: “నడిచేది అయిపోయిందిరా. చేతులు ఉండాయి కదా, వాటికి పని చూపిస్తా ఉండాను.” పాల్ బ్రాండ్ ఆపరేషన్ సంగతి అప్పటికి ఆయనకు తెలియదు.

ఊరు విడిచి తమిళనాడులో, కర్ణాటకలో, ఇంకా దూరంగా ఉన్న మన తెలుగు కుటుంబాలకు మేము అడిగేవి మూడే. ఒకటి, కష్టంలో ఉన్నవాళ్ళకు దేవుని పేరుతో తేదీలు ఇవ్వొద్దు. రెండు, బాగుపడినవాళ్ళ సాక్ష్యంతో పాటు బాగుపడకుండానే నిలిచినవాళ్ళకూ మైకు ఇవ్వండి. మూడు, మీ ప్రార్థన స్థలం మెట్లు ఒకసారి లెక్కపెట్టండి.

మా చర్చికి మూడు మెట్లు ఉండేవి. నాయన మళ్ళీ రావడం మొదలుపెట్టినాక నలుగురు కుర్చీ ఎత్తి లోపల పెట్టేవాళ్ళు. ఆయనకు అది నామోషీ. రెండేళ్ళ కిందట సంఘంవాళ్ళే సిమెంటు, ఇసుక తెచ్చి మెట్ల పక్కన ఏటవాలు బాట వేశారు. మేస్త్రీ మన ఊరివాడే, కూలి తీసుకోలేదు. ఆ ఏడు క్రిస్మస్ పొద్దున నాయన ఎవరి చెయ్యీ పట్టకుండా చక్రాలు తనే తిప్పుకుంటూ లోపలికి పోయాడు. కాళ్ళ మీద వస్తాడని ఆ ప్రసంగీకుడు చెప్పింది జరగలేదు. కానీ క్రిస్మస్‌కి నాయన చర్చికి వచ్చాడు.